కాలువ పటంలో ఏడో వరుస

"ఆత్మకూరు బస్సు పోయిందా?"

"పోయింది. ఎనక టైరుల గాలి లేదు."

కోడ్ సరిపోయింది. వనపర్తి బస్టాండులో ఉడకబెట్టిన పల్లీలు అమ్ముతున్న ముసలాయన పొట్లంతో పాటు ఒక ఫోన్ శైలజ చేతిలో పెట్టాడు. ఆయన ఆమె చీఫ్ వెంకటన్న. శైలజ ఏజెంటుగా చేరి పదకొండేళ్లు. ఈరోజు అంగన్‌వాడీ టీచరు వేషం. నిన్న ఏ వేషమో గుర్తులేదు.

"విదేశీ ముఠా మనిషొకడు పొద్దున గద్వాల స్టేషన్ల దిగిండు. బాంబున్నది. మన ఎత్తిపోతల కాలువ మీద ఎక్కడ పెట్టాల్నో వికీపీడియాల చూసుకుంటడు."

"వికీలనా సార్?"

"కాలువ మార్గం పటం ఉంటది కద. మూసతోని గీస్తరు, అదే టెంప్లేట్, ఎవరైన మార్చొచ్చు. పైనుంచి కిందికి వరుసకొక గుర్తు. పంపుహౌస్, సొరంగం, తూము, వంతెన. వానికి చెప్పింది ఒక్కటే, ఏడో వరుస. పన్నెండింటికి పేజీ తెరుస్తడు."

ఏడో వరుసలో ఉన్నది కాలువను వాగు దాటించే పెద్ద వంతెన. మధ్యాహ్నం దాని నీడలో నలభై మంది కలుపు కూలీలు సద్దులు విప్పుతారు.

పక్క కుర్చీలో నల్లకళ్లద్దాల సౌందర్య లిప్‌స్టిక్ సరిచేసుకుంది. ముఠాలో ఉంటూ వీళ్లకు కబురందించే డబుల్ ఏజెంట్. "కూలోళ్లను లేపితే వానికి తెలుస్తది. ఇంకోతాన పెడతడు. అది నాకు గూడ తెల్వదు."

"అయితే వరుసనే మారుద్దాం," అంది శైలజ. "పైన ఒక గుర్తు ఎక్కువ పెడితే ఆరోదైన పాత తూము ఏడోదైతది. అది మూతపడ్డది, అక్కడెవరు ఉండరు. మనోళ్లను ఆడ దాపెట్టండి."

పదకొండున్నరకు ఆమె మూస తెరిచి, సొరంగం కింద లేని వంతెన ఒకటి చేర్చింది. రెండు నిమిషాల్లో మాయమైంది. 'అక్కడ వంతెన లేదు. తొలగించాను. కురుమూర్తి.' మళ్లీ పెట్టింది. మళ్లీ పోయింది.

కురుమూర్తి ఆ కాలువ మీద లష్కరుగా నీళ్లు కాసి రిటైరయ్యాడు. ఇప్పుడు బల్మూర్‌లో కూర్చుని పటం కాస్తున్నాడు. వెంకటన్న ఆయన నంబరు సంపాదించేసరికి పదకొండూ యాభై.

"పెద్దాయనా, నలభై పాణాలు. ఆ వంతెన పది నిమిషాలు ఉండనియ్యి."

"ఎవరమ్మా నువ్వు? ఆ కట్ట మీద రోజు నడిచినోన్ని. లేని వంతెన పెట్టనియ్య."

తుపాకీ ఎదుట నిలబడ్డప్పుడు కూడా శైలజకు ఇంత అలసట రాలేదు. బతిమాలడం మానేసింది. "సరే, ఉన్నదే చెప్పు. సొరంగానికి, తూముకు నడుమ నువ్వు పటంల ఎక్కియ్యనిదేమన్న ఉన్నదా?"

అవతల కాసేపు దగ్గు. "రైతులు తాటిమొద్దులు అడ్డమేసుకున్నరు. ఎడ్లు పోవు, మనుషులు పోతరు. ఆఫీసు కాయితాలల్ల లేదని ఇడిసిపెట్టిన."

"మనుషులు పోతే వంతెననే కద."

"అవును," అన్నాడు కురుమూర్తి నెమ్మదిగా. "నాదే తప్పు. జర ఆగు, నేనే పెడత."

పదకొండూ యాభై ఎనిమిది. మూస మారింది. పేజీలో మాత్రం ఇంకా పాత పటమే; ఎవరో ఒకరు తాజా చేయనిదే అది ఎవరికీ మారదు. శైలజ నొక్కింది. ఫోన్‌లో సిగ్నల్ ఒక్క గీత. చక్రం తిరుగుతూనే ఉంది. సౌందర్య కళ్లద్దాలు తీసేసింది. పన్నెండుకు మూడు సెకన్లుండగా పెద్ద వంతెన ఎనిమిదో వరుసకు దిగింది.

ముప్పావు గంటకు పాత తూము దగ్గర వాడు సంచితో సహా దొరికాడు. వంతెన కింద కూలీలు ఏమీ తెలియకుండానే చేతులు కడుక్కుని చేనులోకి దిగారు.

"ఢిల్లీల మెచ్చుకున్నరు," అన్నాడు వెంకటన్న. "నాగర్‌కర్నూల్ పోయి రిపోర్ట్ రాసి, రెండ్రోజులు పండుకో అమ్మా."

"రేపు రాస్త సార్. ఇయ్యాల తాటిమొద్దుల ఫొటో తియ్యాలె," అంది శైలజ, ఎండలోకి నడుస్తూ. "ఆధారం లేకుంటే సాయంత్రానికి తీసేస్తనన్నడు పెద్దాయన."