నడవాలో ఊపిరి

దగ్గరికి జరగండి తల్లీ, ఇంకొంచెం... ఆ వెనక గోడకానుకున్న అయ్యా, మీరూ రండి. దేవుణ్ణి ఒకసారి మనసులో తలుచుకోండి, ఎందుకైనా మంచిది. విన్నది విన్నట్టు చెబుతాను.

ఒక సంగీత మందిరం. దాని వేదిక వెనక సన్నటి నడవా. అక్కడ ఒంటరిగా నిలబడితే చెవి పక్కనే ఎవరో ఊపిరి పీలుస్తారని చెడ్డపేరు. ఊడ్చే ఆవిడ కూడా చీపురు గుమ్మం దాటనిచ్చేది కాదు.

ఆ సాయంత్రం రొమాంటిక్ కాలపు సింఫనీల కచేరీ, అంటే పెద్ద బృందమంతా కలిసి వాయించే వెనకటి పాశ్చాత్య సంగీతం. వేదిక నిండా వయొలిన్లు, బూరలు, గంగాళాలంత డప్పులు. ఆఖరి సింఫనీలో తుఫాను రేగి రేగి, ఉన్నట్టుండి అందరూ ఆగిపోవాలి. ఆ నిశ్శబ్దంలో కొండల అవతలి నుంచి వచ్చినట్టు ఒకే ఒక్క బూర పలకాలి. అంత దూరం వినిపించాలంటే వాయించే మనిషి వేదిక మీద ఉండకూడదు. నడవాలో నిలబడి, ఓరగా తీసిన తలుపు సందులోంచి వింటూ, అదను చూసి ఊదాలి.

ఆ పని ఒక అమ్మాయికి పడింది. నత్తలా చుట్టుకున్న ఇత్తడి బూర ఆమెది. నేర్పింది సొంత మేనమామే. నేర్పినన్నాళ్లూ బంగారుతల్లి. తన చోటు ఆమెకిచ్చారని తెలిసిన రోజు నుంచి కంట్లో నలుసు!

బృందాన్ని నడిపే పెద్దాయన్ని, చేతిలో పుల్ల ఆడిస్తాడు కదా, అందరూ పుల్లాయన అంటారు. ఆయన ముందే తేల్చేశాడు.

"క్షణం తప్పావా, రేపటి నుంచి రానక్కర్లేదు."

వాయించే పని లేక అక్కడక్కడే తిరుగుతున్న మేనమామ పక్కకొచ్చి గొణిగాడు. "భయమెందుకే కోడలుపిల్లా... లోపల నీకు తోడుంటుందిలే."

"నీకన్నా ఆ తోడే నయం మామయ్యా."

వెళ్లి నిలబడింది. చీకటి. తలుపు సందులోంచి సన్నటి వెలుగు గీత. అవతల తుఫాను మొదలైంది...

దభీమని తలుపు మూసుకుంది. గొళ్లెం పడింది.

సంగీతం తెగిపోయింది. చప్పుడు అంతగా దాటనివ్వని మందపాటి తలుపది. బాదింది. అరిచింది. అవతల డప్పుల మోత — ఎవరికి వినపడుతుంది? ఎప్పుడు ఊదాలి? ముందైనా పోయింది, వెనకైనా పోయింది...

అప్పుడు — చెవి పక్కనే — ఎవరో నిండుగా ఊపిరి తీసుకున్నారు.

బూర వాయించేవాళ్లు పక్కవాడి ఊపిరి విని తమ ఊపిరి తీస్తారు. ఏళ్ల తరబడి అలవాటు. ఆలోచించే లోపే ఆమె కూడా పీల్చింది. ఊదింది.

తలుపు తెరుచుకుంది. చప్పట్లు మీద పడ్డాయి. గుమ్మంలో తలుపుల దగ్గరుండే తాత.

"సరిగ్గా పడిందమ్మా! అందరూ ఆగిన నిశ్శబ్దం కదా, మూసిన తలుపులోంచి కూడా కొండల అవతలి నుంచి వచ్చినట్టే వినపడింది. పుల్లాయన కళ్లు తుడుచుకున్నాడు. తలుపెలా మూసుకుందో..."

వెనకే మేనమామ. చెయ్యి ఇంకా గొళ్లెం మీదే. దాచుకోను కూడా లేదు. "దెయ్యం వేసుంటుంది," అన్నాడు పళ్లికిలించి.

"వెనకటికోసారీ ఇంతేనమ్మా," అన్నాడు తాత. "లోపల ఒక ముసలి బూరాయన ఉన్నాడని చూసుకోకుండా గొళ్లెం పెట్టేశారు. ఎంత బాదాడో... డప్పుల్లో కలిసిపోయింది. మర్నాడు తీస్తే ఊపిరి లేదు..."

తాత తలుపు వెయ్యబోయాడు.

"ఉండు తాతా." ఆమె ఇవతలికి వచ్చి, చీకట్లోకి తల వంచింది. "లోపల ఎవరైనా ఉన్నారా? తలుపేస్తున్నాం... వచ్చెయ్యండి."

మేనమామ పకపకా నవ్వాడు. "దెయ్యానికి మర్యాదలు చేస్తోందర్రా!"

లోపలి నుంచి ముసలి గొంతు —

"వస్తున్నానమ్మా."

మేనమామ నవ్వు నోట్లోనే గడ్డకట్టింది. అడుగులు గుమ్మం దాటాయి. మేనమామ భుజాన్ని గట్టిగా రాసుకుంటూ ఎవరో వెళ్లిపోయారు. అక్కడ మాత్రం... ఎవరూ లేరు.

నాయనలారా, మిగతాదంతా మరిచిపోండి, ఫర్వాలేదు. ఏ తలుపు మూసినా, గొళ్లెం పెట్టేముందు ఆ అమ్మాయిలా లోపలికి ఒక్క పిలుపు పిలవండి. మీ పిల్లలకీ అలవాటు చెయ్యండి.

జవాబు వచ్చిందా... పక్కకి తప్పుకుని దారివ్వండి.