రెండు బండ్లు, ఒక సాంబారు గుండిగ

"నా కొడుకులిద్దరూ ఒక మాట మీదకి వొచ్చేదాకా ఈ ఇంట్లో పచ్చి మంచినీళ్లు ముట్టను!" అంది దీనమ్మ. అని, కంచం పక్కకి నెట్టి, గోడవైపు తిరిగి పడుకుంది. కంచంలో అప్పటికే ఇడ్లీలు సగమయ్యాయి. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

భోజనాల బల్ల మీద రెండు రంగుల పుస్తకాలున్నాయి. ఒకదాని మీద ఐరావత్ బొమ్మ, రెండో దాని మీద సమ్రాట్ బొమ్మ. రెండూ కొత్తగా బజారులోకి వచ్చిన పెద్ద పికప్ బండ్లు. ధరలో తేడా లేదు. ఐరావత్‌కి వెనక సామాన్లు పెట్టే తొట్టి పొడవు, ముందు సీట్లు రెండే. సమ్రాట్‌కి డ్రైవరు వెనక ఇంకో వరస సీట్లున్నాయి, అందుచేత తొట్టి పొట్టి. దీనమ్మ పెద్దకొడుకు కృపాకర్ ఐరావత్ అన్నాడు. చిన్నకొడుకు బ్లెస్సన్ సమ్రాట్ అన్నాడు. అంతే! ఆ రోజు నుంచి వాట్‌గంజ్‌లోని ఆ ఇంట్లో అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు. మాట్లాడక తప్పనివన్నీ కృపాకర్ భార్య విజయ కుమారి మీదుగా నడుస్తున్నాయి.

"వదినా, తొట్టి పొడుగొకటే చాలదని అన్నయ్యకి చెప్పు. సమ్రాట్‌లో ఇంత స్క్రీనుందని చెప్పు," అన్నాడు బ్లెస్సన్, చేతులు చాపి చూపిస్తూ.

అన్నయ్య ఎదురు కుర్చీలోనే ఉన్నాడు.

"మనం మోసేది సాంబారనీ, సినిమా కాదనీ మీ మరిదికి చెప్పు," అన్నాడు.

విజయ కుమారి ఇటు చూసింది, అటు చూసింది. "విన్నారు కదండీ... విన్నావు కదా నాయనా..."

"ఏటి విన్నాను? నువ్వు చెప్తేనే నేను విన్నట్టు!" అన్నాడు కృపాకర్.

వాళ్లది వంటల వ్యాపారం. దీనమ్మ భర్త ఇచ్ఛాపురం నుంచి ఈ బెంగాలీ ఊరికి వచ్చి పోర్టులో క్రేను నడిపాడు. రిటైరయ్యాక ఒక గుండిగ కొని, చర్చిలో జరిగే పెళ్లిళ్లకి సాంబారు వండడం మొదలుపెట్టాడు. ఆయన పోయాక కొడుకులు దాన్ని పెంచారు. ఇప్పుడు ఖిదిర్‌పూర్ నుంచి టికియాపారా దాకా తెలుగువాళ్లింట్లో పెళ్లంటే ఆ గుండిగ దిగాల్సిందే. గుండిగ అంచు ఒకచోట సొట్టపోయింది, మూత సరిగ్గా కూర్చోదు. కొత్తది కొందామంటే దీనమ్మ ఏడుస్తుంది. "అది మీ నాన్న చెయ్యి తగిలిన గుండిగరా!" అంటుంది. ఇంకో మాట కూడా ఆమె ప్రతి పెళ్లిలోనూ చెబుతుంది. "సొట్ట గుండిగైతే ఏటి? మా పెద్దోడి చేతిలో స్టీరింగుంటే సాంబారు చుక్క కింద పడదు!"

నిజమే. ఎప్పుడూ పడలేదు. పాత వ్యానులో ముందు కృపాకర్, అతని పక్కన ఉప్పు చూడడానికి దీనమ్మ కూర్చునేవారు. బ్లెస్సన్ మోటారు సైకిలు మీద వెనకాల వచ్చేవాడు. విజయ కుమారి వెనక, సామాన్ల మధ్య, టార్పాలిన్ కింద. సాంబారు గుండిగకి గోనెపట్టా చుట్టి, దాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, రెండు చేతులూ మూత మీద వేసి కూర్చునేది. పెళ్లయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన వారానికే అలా కూర్చుంది. ఎవరో కూర్చోమన్నారా, తనే కూర్చుందా, ఎవరికీ గుర్తులేదు. పద్దెనిమిదేళ్లు! ఆమె చీరల అంచులన్నీ పసుపే. పెళ్లివారింట్లో దిగగానే సంచిలోంచి రెండో చీర తీసి, ఏ స్నానాలగది మూలనో కట్టుకుని, వడ్డనకి వచ్చేది. ఆ సంచి సంగతి కూడా ఎవరూ అడగలేదు.

ఆమెకి ఒకటే కోరిక. పెళ్లికి వెళుతూ సీట్లో కూర్చోవాలి! కిటికీలోంచి వంతెన చూడాలి! నలుగురు కూర్చున్నట్టు కూర్చుని వెళ్లి, కట్టుకున్న చీరతోనే దిగాలి!... షోరూములో అందరూ ధర మాట్లాడడానికి వెళ్లినప్పుడు సమ్రాట్ వెనక సీట్లో ఆమె ఒక్క నిమిషం కూర్చుంది. బొత్తాం నొక్కితే అద్దం దిగింది. మళ్లీ నొక్కితే ఎక్కింది. దిగేటప్పుడు తను కూర్చున్న చోటు కొంగుతో తుడిచింది. కానీ ఏ నోటితో చెబుతుంది? సమ్రాట్ అంటే భర్తని కాదని మరిది పక్షం చేరినట్టు. ఐరావత్ అంటే, ఇంక జీవితాంతం టార్పాలిన్ కిందే. అయ్యో, ఆడదానికి ఒక సీటు కోరుకునే చోటు కూడా లేదా!

కూతురు షెకైనా కాలేజీకి వెళుతూ వంటగదిలోకి తొంగిచూసింది.

"అమ్మా, ఏడుస్తున్నావా?"

"ఉల్లిపాయలే..."

"నీ చేతిలో చింతపండుంది."

విజయ కుమారి చేతిలోకి చూసుకుంది. "ఘాటుగా ఉందే," అంది.

మధ్యాహ్నానికి దీనమ్మ లేచి కూర్చుంది. ఆకలికి లేచిందని బ్లెస్సన్ అభిప్రాయం. తీర్పు దొరికిందని ఆమె చెప్పుకుంది.

"ఒరే, బండి ఎందుకు కొంటన్నాం? సాంబారుకి. అయితే మీరెవర్రా చెప్పడానికి? సాంబారే చెప్తాది! రెండు బండ్లూ రమ్మనండి. గుండిగ నిండా సాంబారు పోసి ఎక్కించండి. పెద్దోడు తోల్తాడు. వాట్‌గంజ్ నుంచి పోర్టు డాకు వంతెన దాటి, ట్రాము పట్టాల మీంచి తిరిగి రావాలి. ఏ బండిలో సాంబారు తక్కువ ఒలికితే ఆ బండి. ఇంక నోరెత్తకూడదు!"

"అమ్మ చెప్పింది న్యాయమేనని నీ మరిదికి చెప్పు," అన్నాడు కృపాకర్.

"నేనూ అదే అన్నానని చెప్పు వదినా," అన్నాడు బ్లెస్సన్.

శనివారం పొద్దున్న రెండు బండ్లూ ఇంటి ముందు ఆగాయి. ఐరావత్ తరఫున దేబాశిష్ వచ్చాడు, సమ్రాట్ తరఫున కౌశిక్. ఇద్దరూ టై కట్టుకున్నారు. గుండిగని నలుగురు మోసుకురావడం చూసి, అదేమిటని బెంగాలీలో అడుగుతూ దేబాశిష్ ఎదురెళ్లాడు.

"ఎటా కీ, దాదా?"

"సాంబార్," అన్నాడు బ్లెస్సన్.

"కొత్త బండి, దాదా! ప్లాస్టిక్ కూడా తియ్యలేదు!"

"బాబూ," అంది దీనమ్మ హిందీలో, "నీ బండి మీద నీకు నమ్మకం ఉందా, లేదా?"

దేబాశిష్ కౌశిక్ వైపు చూశాడు. కౌశిక్ నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూశాక దేబాశిష్‌కి ఒప్పుకోక తప్పలేదు.

ముందు ఐరావత్ వెళ్లింది. వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడింది. దీనమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. ఏ బండి గురించో చెప్పలేదు. బండి తిరిగి వచ్చింది. బ్లెస్సన్ పరుగెత్తి చూశాడు. తొట్టి పొడిగా ఉంది. మూత తీస్తే సాంబారు అంచు దాకా ఉంది.

"చుక్క లేదు!" అన్నాడు కృపాకర్, తమ్ముడికి వినబడేలా, భార్య వైపు చూస్తూ.

గుండిగ సమ్రాట్‌లోకి మారింది. బండి వెళ్లింది, వచ్చింది. తొట్టి పొడిగా ఉంది. సాంబారు అంచు దాకా ఉంది.

"చుక్క లేదని అన్నయ్యకి చెప్పు వదినా!" అని అరిచాడు బ్లెస్సన్.

సేల్స్‌మెన్ ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. దీనమ్మ నుదురు కొట్టుకుంది. "ప్రభువా, ఇదేటి పరీక్ష! ఇద్దరూ గెలిస్తే నేను మళ్లీ ఉపవాసం ఉండాలేటి!"

సమ్రాట్ తొట్టిలోంచి విజయ కుమారి కిందకి దిగింది. చీర కుచ్చిళ్లు దులుపుకుంది. అంచు పసుపుగా తడిసింది.

"అమ్మా," అంది షెకైనా, "నువ్వు వెనక ఎందుకెక్కావు?"

"ఎప్పుడు?"

"ఇప్పుడు. ఇందాకా ఎక్కావు. రెండుసార్లూ."

విజయ కుమారికి ప్రశ్న అర్థం కాలేదు. "సాంబారు ఎక్కింది కదే..." అంది. "సాంబారు ఎక్కితే నేనెక్కనా?"

కృపాకర్ బండి తాళంచెవి వైపు చూసుకున్నాడు. ఆమె ఎక్కడం అతను చూశాడు. బ్లెస్సన్ చూశాడు. ఎక్కడానికి దీనమ్మే చెయ్యి అందించింది. గుండిగ ఎక్కాక విజయ కుమారి ఎక్కడం ఆ ఇంట్లో, తలుపేశాక గడియ పెట్టడంలాంటిది. పరీక్ష ఏమిటో తెలిసి కూడా ఎవరికీ వింతగా తోచలేదు. ఆమెకీ తోచలేదు!

"మళ్లీ," అంది దీనమ్మ. "విజయా, నువ్వు నా పక్కన నిలబడు."

"అత్తయ్యా, మూతని సొట్ట వైపు పట్టుకోవాలి, లేపోతే..."

"నిలబడమన్నాను కదా!"

ఐరావత్ మళ్లీ బయల్దేరింది. విజయ కుమారి ఫుట్‌పాత్ మీద నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కట్టుకుంది, విప్పింది, చివరికి అత్తగారి చేతిసంచి తీసుకుని దాన్ని పట్టుకుంది. 'వంతెన ఎక్కేటప్పుడు కుడివైపు ఒరుగుతుంది... పట్టాల దగ్గర ఎగురుతుంది... దేవా!' ఆమె పెదవులు కదులుతున్నాయి.

బండి సందు మలుపు తిరగకముందే వాసన వచ్చింది. తర్వాత బండి వచ్చింది. తొట్టి తలుపు సందులోంచి సాంబారు రోడ్డు మీదకి కారుతోంది. నంబరు ప్లేటు మీద ములక్కాడ ముక్క. దేబాశిష్ దిగి, తొట్టిలోకి చూసి, బండి మెట్టు మీద కూర్చున్నాడు.

"బౌదీ," అని విజయ కుమారిని వదిన వరసలో పిలిచాడు, "మీరు ఎందుకు దిగారు?"

కౌశిక్ ఇప్పుడు నవ్వడం లేదు. సమ్రాట్‌ని వెనక్కి తిప్పుకోవాలని చూశాడు. వీధి జనం అడ్డంగా నిలబడ్డారు. గుండిగని మళ్లీ నింపారు. సమ్రాట్ వెళ్లి, అలాగే కారుతూ వచ్చింది. ఒక్క తేడా చెప్పుకోవాలంటే, తొట్టి పొట్టిది కావడం వల్ల కొంత సాంబారు వెనక అద్దం దాకా లేచింది.

దీనమ్మ స్టూలు వేయించుకుని గుండిగలోకి తొంగిచూసింది. సగం కూడా లేదు. దిగి, కోడలి ముందుకి వచ్చింది.

"ఎన్ని పెళ్లిళ్లే!... ఎంతమందితో చెప్పేను! మా పెద్దోడి చెయ్యి, మా పెద్దోడి చెయ్యి అని... ఆ చెయ్యి కాదే! ఈ చేతులే!" అని విజయ కుమారి రెండు చేతులూ పట్టుకుని మొహానికి ఆనించుకుంది. "నా కళ్ల ముందే కదే నువ్వెక్కింది... ముందు సీట్లో కూచుని నేను గాలి పీల్చుకున్నానే!"

"అత్తయ్యా, ఊరుకోండి... అందరూ చూస్తన్నారు..." అంటూ విజయ కుమారి కూడా ఏడ్చింది. షెకైనా ఏడ్చింది. ఎదురింటి బెంగాలీ ముసలావిడకి తెలుగు రాదు, ఆమె కూడా ఏడ్చింది. దేబాశిష్ అప్పటికే మొదలుపెట్టి ఉన్నాడు.

కృపాకర్ భార్య దగ్గరికి వచ్చాడు. మోచేతి కింద రెండు గీతలు కనిపించాయి. గుండిగ మూత అంచు పడే చోట. అవి గాజుల గుర్తులని ఇన్నాళ్లూ అనుకున్నాడు.

"విజయా, ఏ బండి కొనమంటావు?"

ఇల్లంతా వారాల తరబడి కొట్టుకుంటున్న ప్రశ్న అది. ఆమెని అడగడం అదే మొదటిసారి.

"మీరు ఏదంటే అదేనండి..."

"ఆడు అడిగింది అది కాదే!" అంది దీనమ్మ.

విజయ కుమారి అత్తగారి సంచిని ఇంకా పట్టుకునే ఉంది. దాన్ని గుండెలకి అదుముకుంది. "నాకు... సీటున్నది కావాలి," అంది. "కిటికీ పక్కన."

"అంటే సమ్రాటే! నేను మొదట్నుంచీ చెప్తన్నాను!" అన్నాడు బ్లెస్సన్.

"నోరు ముయ్యిరా! నువ్వు అడిగింది టీవీ. వదినకి సీటని ఒక్కనాడైనా అన్నావా?" అంది దీనమ్మ. బ్లెస్సన్ నోరు మూసుకున్నాడు. తర్వాత అన్న వైపు తిరిగి, సొంత నోటితో, "అన్నయ్యా, తొట్టి కడిగేద్దాం రా. ఎండితే పోదు," అన్నాడు. అన్నదమ్ములిద్దరూ రెండు బండ్లనీ కడిగారు. వాసన మాత్రం పోలేదు. వారం తర్వాత వాళ్లు కొన్నది ఆ సమ్రాట్‌నే. దాన్ని ఇంకెవరూ కొనరని కౌశిక్ చెప్పాడు.

మొదటి పెళ్లి టికియాపారాలో, రైల్వేలో పనిచేసే సూరన్న కూతురిది. చర్చి అయ్యగారు వచ్చి బండి మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. గుండిగ ఎక్కింది. అలవాటుగా విజయ కుమారి కాలు తొట్టి వైపు నడిచింది. కృపాకర్ ఆమె భుజం పట్టుకుని వెనక సీటు తలుపు తెరిచాడు. తాళంచెవి తమ్ముడికిచ్చాడు. గోనెపట్టా తీసుకుని తను తొట్టి ఎక్కాడు.

"సొట్ట వైపు పట్టుకోండి!" అంది విజయ కుమారి అద్దం దించి.

"తెలుసులే!"

తెలియదు. వంతెన దాకా అతని గొంతు వినబడుతూనే ఉంది. "ఒరే నెమ్మది!... బ్రేకు వెయ్యకురా!... ఎయ్యి, ఎయ్యి!... అమ్మా!" దీనమ్మ ముందు సీట్లో కదలకుండా కూర్చుంది. విజయ కుమారి కిటికీలోంచి వంతెన చూద్దామనుకుంది. బండి ఎగిరినప్పుడల్లా ఆమె చేతులు పక్కనున్న షెకైనాని గట్టిగా చుట్టేశాయి.

"అమ్మా, నేను గుండిగని కాదు," అంది షెకైనా.

టికియాపారాలో కృపాకర్ దిగాడు. తెల్లచొక్కా ఛాతీ నుంచి నడుము దాకా పసుపు. పెళ్లికూతురి తండ్రి సూరన్న ఎదురొచ్చి ఆగిపోయాడు. "ఏటిది కృపాకర్, ఇలగ?"

"చుక్క కింద పడలేదు," అన్నాడు కృపాకర్. అది నిజమే. అంతా అతని మీదే పడింది.

తర్వాత భార్యని పక్కకి పిలిచాడు. "విజయా... వడ్డనకి ఇలా ఎలా వస్తాను? నువ్వేం చేసేదానివి?"

"రెండో చీర తెచ్చుకునేదాన్ని."

"ప్రతిసారీ?"

"ప్రతిసారీ."

విజయ కుమారి భుజానికున్న సంచి దించి, తెరిచింది. ఈసారి అందులో చీర లేదు. ఇస్త్రీ చేసిన అతని చొక్కా ఉంది.