ఫ్రిజ్ మీది ఫోటో

"వద్దని చెప్పెయ్. ఇంకోసారి నువ్వలా ఏడుస్తుంటే నేను చూడలేను!"

భర్త మాటకు ఆమె చేతిలోని ఫోను బరువెక్కింది. మిగిలిన పిండం సంగతి సాయంత్రంలోగా తేల్చి చెప్పమంది ఆస్పత్రి నర్సు. ఆస్పత్రిలో తయారైనవి రెండే. మొదటిదాన్ని క్రితం నెల గర్భంలో ప్రవేశపెట్టారు. నిలవలేదు...

ఆ రెండింటి ఫోటోలూ చూసి కృత్రిమ మేధ మార్కులు వేసింది. మొదటిదానికి ఎక్కువ, రెండోదానికి బాగా తక్కువ. "ఏది ముందు పెట్టాలో చూసుకోవడానికేనమ్మా ఇవి. బిడ్డ పుడుతుందో లేదో ఇవి చెప్పలేవు," అన్నది డాక్టరమ్మ. ఆ మాట ఆమెకు గుర్తుంది. భర్తకు మార్కులే గుర్తున్నాయి. టైల్స్ ఫ్యాక్టరీలో ఒక్కో పలకనూ వేలితో తట్టి, చప్పుడు తేడాగా ఉంటే పక్కన పెట్టేయడం అతని పని.

"అన్ని మార్కులొచ్చిందే నిలవలేదు. ఇది నిలుస్తుందా?" అన్నాడు, ఆమె ముఖం చూడకుండా.

వంటింట్లో ఫ్రిజ్ తలుపు మీద పిండం ఫోటో ఇంకా ఉంది. మొదటిదాన్ని గర్భంలో పెట్టిన రోజు అంటించింది అత్తగారు. పాలు తీసినప్పుడల్లా "లేచావా బంగారం?" అని పలకరించేది. అంతా అయిపోయాక కూడా ఆ పలకరింపు మానలేదు. అది వినలేక కోడలు వంటింటి వైపు పోవడమే తగ్గించుకుంది. ఇవాళ ఇక ఓర్చుకోలేక వెళ్ళి, ఫోటోను లాగేసింది!

దాని వెనక డాక్టరమ్మ చేత్తో రాసిన అంకె. రెండు.

"అత్తయ్యా... మీరు అంటించింది రెండోదాన్ని!"

"ఆ రోజు కళ్ళజోడు కనబడి చావలేదే..." అని నసిగి, అత్తగారు ఠక్కున ఆగిపోయింది. "అయితే... నేనిన్నాళ్ళూ మాట్లాడింది, ఉన్నదానితోనా?"

"అమ్మా, దానికి మార్కులు..." అన్నాడు వెనకే వచ్చిన భర్త.

"నోర్ముయ్! లెక్కల పరీక్ష మూడుసార్లు రాసినవాడివి, నువ్వా మార్కుల గురించి మాట్లాడేది!"

ఎన్నాళ్ళకో ఆ ఇంట్లో ముగ్గురికీ ఒకేసారి నవ్వొచ్చింది. నవ్వుతూనే అతను గోడకు ఆనుకుని ముఖం దాచుకున్నాడు.

ఆమె మాత్రం బీరువా దగ్గరికి వెళ్ళి, ఆస్పత్రి కవరులోంచి మొదటి ఫోటో తీసింది. అన్ని మార్కులు తెచ్చుకున్న ఆ ప్రాణాన్ని ఈ ఇంట్లో ఎవరూ ఒక్కసారైనా పలకరించలేదు! దాన్ని కాసేపు గుండెకు హత్తుకుని, తెచ్చి, రెండోదాని పక్కనే అంటించింది.

"ఇదీ నిలవకపోతే?" అడిగాడు భర్త.

"అప్పుడూ ఏడుద్దామండీ. కాకపోతే ఈసారి మీరు ఒంటరిగా మేడమీదికి పోకుండా, నా పక్కనే కూర్చుని ఏడవండి."

ఆమె నర్సుకు ఫోను కలిపి, "వస్తున్నాం," అని చెప్పింది.

అటు తిరిగి చూస్తే, అతను ఫ్రిజ్ ముందు నిలబడి ఉన్నాడు. అలవాటుగా వేలు రెండో ఫోటో దాకా వెళ్ళింది. తట్టలేదు. ఊడిపోతున్న అంచును మెల్లగా అదిమిపెట్టాడు.