పెంచల్ ప్లేటు మీద ఒక కన్ను

"ఏమండీ, ఆ అన్నం ఎవరికి?"

వెనకనుంచి వచ్చిన గొంతుకు పెంచల్ చేతిలో ప్లేటు ఒరిగిపోబోయింది. మెస్సు వెనకాల కుక్కలకు పెట్టే బకెట్టు దగ్గర నిలబడి ఉన్నాడతను. ప్లేటులో అన్నం వడ్డించింది వడ్డించినట్టే ఉంది. పులుసులో చేప ముక్క కూడా కదల్లేదు.

తిరిగి చూస్తే ల్యాబ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి, సుభాషిణి. తెల్ల కోటు, మోచేతి దాకా మడిచిన చేతులు, బిగించి వేసిన జడ. చూపు మాత్రం అచ్చం పోలీసు చూపు.

"కుక్కకండీ," అన్నాడు.

"కుక్క యాడుండాది?"

నిజానికి ఆ దరిదాపుల్లో కుక్క లేదు.

"అది కూడా భోజనానికి పోయుండాది."

ఆ అమ్మాయికి నవ్వు పెదాల దాకా వచ్చి ఆగింది. ఆగడం పెంచల్ చూశాడు. అదే అతని కొంప ముంచింది.

బోగోలు మండలంలో, సముద్రానికి కూతవేటు దూరంలో ఉంటాయి ఒక కంపెనీ వాళ్ల రొయ్యల గుంటలు. పెంచల్ అక్కడ సూపర్‌వైజరు. అతనెక్కడుంటే అక్కడ నవ్వులు. మేనేజరు విజయభాస్కర్ గారు ఫోన్లో తిడితే, ఆ తిట్లను ఆయన గొంతుతోనే అందరికీ వినిపించి కడుపుబ్బ నవ్విస్తాడు. ఇలాంటివాడికి ఏం దిగులుంటుందిలే అనుకునేవాళ్లు అందరూ. అలా అనుకోవాలనే అతనూ ఇంకాస్త నవ్వించేవాడు.

అసలు సంగతి వేరు. పోయిన పంటలో అతని గుంటలకు తెల్లమచ్చ రోగం తగిలి రొయ్యలన్నీ గట్టు వెంబడి తేలాయి. చుట్టుపక్కల గుంటలన్నీ అలాగే పోయాయి, నీ తప్పేం లేదయ్యా అని మేనేజరే భుజం తట్టారు. భుజం తట్టించుకున్నవాడికి మాత్రం అప్పట్నుంచీ ముద్ద దిగడం లేదు. కన్ను మూస్తే గుంట నీళ్లకు గాలి పట్టించే చక్రాల మోటారు ఆగిపోయినట్టుంటుంది, ఉలిక్కిపడి లేస్తాడు. నెలాఖరుకు బ్యాగు సర్దుకుని ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోదామని నిశ్చయించుకున్నాడు. ఆ మాట గుంటల్లో రొయ్యలకు కూడా చెప్పలేదు.

మర్నాడు మెస్సులో సుబ్బు మోచేత్తో పొడిచాడు. సుబ్బు గుంటల్లో మేత చల్లే కుర్రాడు.

"అన్నో, ఆ పాప మళ్లీ నీ ప్లేటే చూస్తా ఉండాది."

"ప్లేటు కాదురా, నన్ను."

"మరి నన్నెందుకు చూడదు?"

"నీ ప్లేటులో చూసేదానికి ఏం మిగిలిస్తావురా నువ్వు?"

సుబ్బు నిజంగానే ఏమీ మిగల్చడు. ఈమధ్య అడిగి అడిగి పెట్టించుకుంటున్నాడు కూడా. వంట చేసే మగ్దలీనమ్మ గరిటె పట్టుకుని వచ్చి పెంచల్ నెత్తిన నిలబడింది.

"ఏం అబ్బయా, ఆ ముక్కకు కాపలా కాస్తా ఉండావా?"

"అందంగా ఉండాదక్కా. తినబుద్ధి కాలా."

అవతలి బల్ల దగ్గర సుభాషిణి ఈసారి నవ్వేసింది. పెంచల్‌కి ఇంక అనుమానం లేకపోయింది. మర్నాటినుంచి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. గుంట గట్ల మీద తిరిగేవాడికి ఇస్త్రీ ఎందుకని అడిగినవాళ్లకు జవాబు చెప్పలేదు. నెలాఖరు ప్రయాణం కూడా ఎందుకో ఇంకో నెలకు జరిగింది.

ఒక సాయంత్రం సముద్రం మీదనుంచి ఉన్నట్టుండి వాన దిగింది. పెంచల్ పరుగెత్తి ల్యాబ్ వరండాలో దూరాడు. ఆ వరండా కాకుండా దారిలో రెండు షెడ్లు ఉన్నాయన్న సంగతి మనం పట్టించుకోవద్దు.

సుభాషిణి టీ గ్లాసు తెచ్చిచ్చింది.

"ఒక మాట అడుగుతా. ఏమనుకోరు గదా?"

"అడగండి. దానికేముంది."

"రాత్రిళ్లు నిద్ర పడతా ఉందా మీకు?"

ఓరి దేవుడా, ఎంత సూటిగా వచ్చేసింది అనుకున్నాడు. వానకేసి చూస్తూ నిట్టూర్చాడు.

"ఎట్టా పడతాదండీ?"

"ఆకలి?"

"మీరు చూస్తానే ఉండారు గదా."

"ఉన్నట్టుండి గుండె దడదడలాడతాదా?"

"ఇప్పుడు కూడా ఆడతా ఉండాది."

"ఎవరితోనూ మాట్లాడకుండా ఒక్కరే ఉండాలనిపిస్తాదా?"

"ఒక్కరే కాదండీ," అన్నాడు పెంచల్ గొంతు తగ్గించి, "ఇద్దరే ఉండాలనిపిస్తాది."

సుభాషిణి బుగ్గలు ఎర్రబడ్డాయి. ఆ వెంటనే నుదురు ముడిపడింది.

"పెంచల్ గారూ, నేనడిగేది అది గాదు. బుధవారం నెల్లూరునుంచి డాక్టర్ గారొస్తారు. మనసు డాక్టరు. మీ పేరు చెప్పనా?"

వాన చప్పుడు ఒక్కసారిగా పెరిగినట్టు అనిపించిందతనికి.

"నాకు డాక్టరెందుకు?"

"డాక్టర్ గారు మొదటిసారొచ్చిన మీటింగు నాడు మీరు లేరు. మోటారు రిపేరుకని కావలి పోయినారంట. ఇంతకుముందు పనిచేసిన గణేష్ అన్న చెప్పకుండా పోయినాడు గదా, ఇప్పటికీ ఇంట్లో తలుపేసుకునే ఉండాడంట. అది తెలిసి మేనేజర్ సార్ డాక్టర్ గారిని పిలిపించినారు. డాక్టర్ గారు అందరినీ ఎట్టుండారని అడిగితే, మగోళ్లంతా బళ్లో పిల్లోళ్ల మాదిరి ఒకే గొంతుతో బాగుండాం సార్ అన్నారు. అప్పుడు నేనే చెప్పినా, రొయ్యలు కూడా నోరు తెరిచి చెప్పవు సార్, చెక్ ట్రే లేపి చూస్తేనే గదా తెలిసేది అని."

చెక్ ట్రే సంగతి పెంచల్‌కి ఒకరు చెప్పక్కర్లేదు. మేత చల్లేటప్పుడు కొంచెం ఒక వల పళ్లెంలో వేసి నీళ్లలోకి దించుతారు. కాసేపాగి పైకి లాగి చూస్తారు. మేత మిగిలిందంటే లోపల ఏదో మొదలైందన్న మాటే. రోగం కంటికి కనబడకముందే ఆ పళ్లెం చెప్పేస్తుంది.

"అంటే ఇన్నాళ్లూ మీరు చూసింది నా ప్లేటునా?"

"మేనేజర్ సార్ అందరి మీదా ఒక కన్నేసి ఉంచమన్నారు."

"అయితే నేను రొయ్యనా మేడం?"

గ్లాసు వరండా గట్టు మీద పెట్టి వానలోకి దిగిపోయాడు. వెనకనుంచి ఆమె పిలిచింది కూడా. ఇస్త్రీ చొక్కా నాలుగడుగుల్లోనే ముద్దయిపోయింది. అంత దెబ్బ తింటానని అతను అనుకోలేదు. ఒక మనిషి తనను చూస్తోందన్న ఒక్క ఆశ మీదే తను ఇన్ని రోజులు ఇక్కడ నిలబడ్డాడని అప్పుడు తెలిసింది.

మర్నాడు పెంచల్ ప్లేటు కడిగినట్టు మెరిసింది. తీసుకెళ్లి మరీ ఆమె ముందు పెట్టాడు.

"చూసుకోండి మేడం. రొయ్య ఆరోగ్యంగా ఉండాది."

సుభాషిణి అతని ప్లేటు చూసింది. తర్వాత సుబ్బు ప్లేటు చూసింది. అక్కడ ఇద్దరు మనుషులకు సరిపడా చేప ముళ్లు కుప్పగా ఉన్నాయి.

"ఈ గుంట మేత పక్క గుంటకు పోయినట్టుండాది," అంది.

మెస్సంతా గొల్లుమంది. పెంచల్ కూడా నవ్వబోయాడు. ఎంత ప్రయత్నించినా నవ్వు రాలేదు. సుబ్బు కూడా నవ్వలేదని ఎవరూ గమనించలేదు.

ఆ మధ్యాహ్నం పెంచల్ గుంటలోనుంచి చెక్ ట్రే పైకి లాగాడు. మేత పలుకు కూడా మిగల్లేదు. రొయ్యలు గాజు ముక్కల్లా మెరుస్తూ ఎగిరిపడుతున్నాయి. నీళ్ల శాంపిల్ కోసం సీసా పట్టుకుని వచ్చిన సుభాషిణి పక్కన నిలబడి చూసింది.

"బాగుండాయి గదా?"

"బాగుండాయి."

పెంచల్ ట్రేను మళ్లీ నీళ్లలోకి దించి గట్టు మీద చతికిలబడ్డాడు. దిగులు దాచుకోవడానికి ఒక్క జోకన్నా దొరకలేదు.

"అవి బాగుండాయండీ," అన్నాడు. "నేనే బాగలేను."

ఆ మాట బయటికి రావడానికి ఇన్ని నెలలు పట్టింది. అది వచ్చాక మిగతావి ఆగలేదు. నిద్ర, మోటారు, గట్టు వెంబడి తేలిన రొయ్యలు, చెప్పకుండా పోదామనుకున్న సంగతి, అన్నీ చెప్పేశాడు. సుభాషిణి తెల్ల కోటుతోనే ఆ తడి గట్టు మీద కూర్చుని విన్నది. ధైర్యంగా ఉండండి అనలేదు. మగాడివి నువ్వే ఇట్టా అయితే ఎట్టా అని అసలే అనలేదు. అందుకు పెంచల్ ఆమెకు జన్మంతా రుణపడిపోయాడు.

అంతా అయ్యాక ఆమె మెల్లగా చెప్పింది.

"మాది వేటకు పోయే కుటుంబం. తుపానుకు పడవ పోయినాక మా నాయన వల ముట్టుకోలా. అన్నం దగ్గర కూర్చుని లేచిపోయేవాడు. మా అమ్మ పులుసు కుదర్లేదేమో అనుకునింది. ఉప్పు తగ్గించింది, కారం తగ్గించింది, చింతపండు మార్చింది. ఏమైంది నీకు అని మాత్రం ఎవరం అడగలా. మళ్లీ మనిషయ్యేదానికి శానా కాలం పట్టింది. ముందే అడిగుంటే అంత దూరం పోయేది గాదు."

"అందుకా ప్లేట్లు చూస్తారు?"

"అందుకే. మీరు పోవాలనుకుంటే పోండి. గానీ చెప్పి పోండి."

"చెబితే పోనిస్తారా?"

"చెప్పి చూడండి," అంది సుభాషిణి. ఈసారి నవ్వు పెదాల దగ్గర ఆగలేదు.

బుధవారం పెంచల్ స్టోర్ రూము దగ్గరికి వెళ్లాడు. డాక్టర్ గారిని అక్కడే కూర్చోబెట్టారు. బయట బెంచీ మీద సుబ్బు అప్పటికే తల వంచుకుని కూర్చుని ఉన్నాడు.

"నువ్వేందిరా ఇక్కడ?"

"నాకూ దిగులేన్నా."

"రోజూ గిన్నెలు ఊడ్చేస్తా ఉండావు గదరా!"

"దిగులైతే నాకు ఆకలెక్కువన్నా. అది ఎవరికీ కనపడలా."

పెంచల్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పక్కన కూర్చుని సుబ్బు భుజం చుట్టూ చెయ్యి వేశాడు. లోపలికి పిలిచేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు.

ఈ సంగతి విని సుభాషిణి నాలుక కరుచుకుంది. "నిండు ప్లేట్లే చూసినా. ఖాళీ ప్లేట్లు కూడా చూడాల," అంది. అప్పట్నుంచి మెస్సులో ఒక పద్ధతి పుట్టింది. ఎట్టుండావని అడిగితే మొదటి జవాబు చెల్లదు. రెండోసారి అడిగితే చెప్పిందే జవాబు. మొదట్లో అందరూ ఎగతాళి చేశారు. తర్వాత్తర్వాత, రెండోసారి అడిగేదాకా ఆగి మరీ చెప్పడం మొదలుపెట్టారు. విజయభాస్కర్ గారు రాత్రి కాపలా ఒక్కడి మీదే పడకుండా వంతులు వేశారు. ఒకరోజు సుబ్బు ఆయన్నే రెండోసారి అడిగేసరికి, పాపం, ఆయన చాలాసేపు మాట్లాడారు.

పంట ఎదిగింది. పెంచల్‌కి ఆకలి తిరిగొచ్చింది. నిద్ర కూడా వచ్చింది, పూర్తిగా కాకపోయినా చాలావరకు. డాక్టర్ గారు ఇంకొన్నాళ్లు రమ్మన్నారు, వెళ్తున్నాడు. బాగున్నవాడికి ఒక్కటే లోటు. సుభాషిణి అతని ప్లేటు వైపు చూడడం మానేసింది.

ప్లేటు ఖాళీగా ఉంటే ఎవరు మాత్రం ఎందుకు చూస్తారు? కావాలని రెండు ముద్దలు మిగల్చాలనిపించింది ఒకరోజు. మగ్దలీనమ్మ చేతిలో గరిటె చూసి ఆ ఆలోచన మానుకున్నాడు.

ఆ రోజే అతని కన్ను ఆమె బాక్సు మీద పడింది. అన్నం చెంచా తగలకుండా అలాగే ఉంది. బాక్సు మూత పెట్టి సుభాషిణి మెస్సు వెనక్కి నడిచింది. పెంచల్ చెయ్యి కూడా కడుక్కోకుండా వెంట వెళ్లాడు.

"ఏమండీ, ఆ అన్నం ఎవరికి?"

ఆమె ఉలిక్కిపడింది. "కుక్కకి."

ఈసారి కుక్క నిజంగానే ఉంది. తోక ఊపుతూ కాచుకుని ఉంది.

"ఎట్టుండారు?"

"బాగుండా."

"రెండోసారి అడుగుతా ఉండా. ఎట్టుండారు?"

సుభాషిణి బాక్సుకేసి చూసింది, కుక్కకేసి చూసింది, ఇంక చూడ్డానికి ఏమీ లేక అతనికేసి చూసింది.

"నిద్ర లేదు. ఆకలి లేదు. మీ ప్లేటు ఖాళీ అయినాక మీ వైపు చూసేదానికి నాకు సాకు లేకుండా పోయింది."

పెంచల్ గుండె దడదడలాడింది. ఇది మాత్రం డాక్టర్ గారికి చెప్పక్కర్లేని దడ.

"డ్యూటీ అన్నారు గదా?"

"మిగతా వాళ్ల ప్లేట్లు డ్యూటీనే. మీ దాంట్లో డ్యూటీ సగమే. ఆ వాన నాడు మిగతా సగం చెబుదామని పిలిస్తే, రొయ్యనా అని అరిచి పోతిరి."

"అరిచినందుకు ఇన్ని రోజులు శిక్షా?"

"గట్టు మీద మీ సంగతంతా విన్నాక, మీరు బాగుపడినాకే చెప్పాలనుకున్నా. బాగలేనప్పుడు చెబితే జాలి అనుకుంటారని."

పెంచల్ కుక్కకూ ఆ బాక్సుకూ మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

"మరి మీ పేరు డాక్టర్ గారికి చెప్పనా?" అన్నాడు.

"ఇది డాక్టర్ గారికి చెప్పేది గాదు."

"ఎవరికి చెప్పాల?"

"మా నాయనకి," అంది సుభాషిణి. "ఇప్పుడు బాగా మాట్లాడతా ఉండాడు, మిమ్మల్ని రెండోసారి కూడా అడుగుతాడు. ఆదివారం రండి. ఆకలితో రండి. మా అమ్మ ప్లేటు చూస్తాది."

పెంచల్ ఆమె చేతిలో బాక్సు తీసుకుని మెస్సులోకి తిరిగి నడిచాడు. "అక్కా, కొంచెం పులుసు పొయ్యి, ఇద్దరం తింటాం!" అని అరిచాడు. మగ్దలీనమ్మ గరిటె ఎత్తి ఇద్దరినీ ఎగాదిగా చూసి, అడిగినదానికంటే ఎక్కువే పోసింది. ఆ పూట బకెట్టు దగ్గర కుక్కకు ఏమీ దక్కలేదు.