కాయ లేచేదాకా

"విదేశీ గూఢచారి గ్రే ముఖం చూసిన నలుగురు ఏజెంట్లూ ఇప్పుడు లేరు." చీఫ్ విష్ణువర్ధన్ ఫైలు మూసేశాడు. "మన రాడార్ డిజైన్ వాడి దగ్గరుంది. రేపు పొద్దున కంబదూరు దగ్గర ఒక చేను చూసి, సాయంత్రం బెంగళూరులో ఫ్లైట్ ఎక్కేస్తాడు. ఏ పేరుతోనో తెలీదు. డిజైన్ ఒంటిమీద ఉండేది అప్పుడే, కాబట్టి పట్టుకోవాల్సింది అక్కడే. ఫోటో కావాలి."

"కెమెరా?" అన్నాడు ఏజెంట్ దివాకర్.

"బటన్ కెమెరా, పెన్ కెమెరా, అన్నీ వాళ్ల డిటెక్టర్‌కు దొరికిపోయాయి. బ్యాటరీ ఉన్నదేదీ పనికిరాదు. ఆశ కూడా పెద్దగా లేదు."

దివాకర్ పాలపొడి డబ్బా లోపల నల్లరంగు పూశాడు. పక్కన సూదితో బెజ్జం. చీకటి గదిలో దానికెదురుగా ఫోటోపేపర్ అమర్చి మూత బిగించాడు. బెజ్జం మీద స్టిక్కర్ బొట్టు. అదే షట్టర్. బ్యాటరీ లేని కెమెరా తయారు.

కంబదూరు దగ్గర ఆదెప్ప చేను. వేరుశనగ మొలిచినచోటే మాడిపోయింది. సోలార్ కంపెనీ దొరగా గ్రే దిగాడు. పలకలు కడగడానికి నీళ్లున్నాయా లేదా చూడాలట. నీళ్లు చూసే సామి వేషంలో దివాకర్. డిటెక్టర్ అతని సంచిని, డబ్బాను తడిమింది. కూయలేదు.

"ఉన్న బోర్లన్నీ ఎండిపోయినాయి సామీ," అన్నాడు ఆదెప్ప. "యాడన్నా చుక్క ఉండాదేమో చూడు."

"అరచేతిలో టెంకాయ నిలువుగా లేస్తే ఉండాది. లేచేదాకా ఎవరూ కదలగూడదు."

ఆ మాట గ్రేకు ఇంగ్లీషులో చెప్పింది అతని దుబాసీ వనజాక్షి. నల్లకళ్లద్దాలు, పట్టుచీర, గ్రే దగ్గరా, చీఫ్ దగ్గరా జీతం.

దివాకర్ డబ్బాను గ్రే ఎదుట పెట్టి, దండం పెడుతూ బొట్టు పీకాడు. వనజాక్షి చూసింది. ఏమీ అనలేదు. ఎవరి జీతానికి ఊరుకుందో తెలీదు.

అరచేతిలో కాయ అడ్డంగా పడుకుంది. ఎండ. గాలి లేదు. మనిషి కదిలితే పేపరు మీద ముఖం ఉండదు, మసక ఉంటుంది. గ్రే వాచీ చూసుకోబోయాడు.

ఆదెప్ప అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఏమప్పా, కదలొద్దంటే? గంగమ్మ పారిపోతాది."

గ్రే బిగుసుకుపోయాడు. చాలాసేపటికి కాయ లేచింది. లేపినవాడు దివాకరే. బొట్టు మళ్లీ అంటుకుంది.

కళ్యాణదుర్గంలో పాత స్టూడియో, ఎర్ర బల్బు. డెవలపర్‌లో పేపరు తేలింది. నల్లటి దొర ముఖం, తెల్లటి కనుబొమలు. దివాకర్ దాన్ని ఫోన్‌తో తీసి, నలుపూ తెలుపూ తారుమారు చేసి ఎయిర్‌పోర్టుకు పంపాడు. బోర్డింగ్ గేటు మూసేస్తుండగా గ్రే భుజం మీద చెయ్యి పడింది.

తర్వాతి వారం దివాకర్ ఆ దారిన వచ్చాడు. ఆదెప్ప చేనులో బోరు బండి మోగుతోంది. పైకి వస్తున్నది తెల్ల దుమ్ము.

"నువ్వు చూపిచ్చిన తావులోనే ఏయించినా సామీ." ఆదెప్ప కదలకుండా నిలబడి ఉన్నాడు. "ఇంగా కొంచెం దిగితే పడతాయి గదా?"

దివాకర్ ఫోన్ మోగింది.

"నీకు మెడల్ ఇస్తున్నారు," అన్నాడు చీఫ్.

"దాని బదులు ఒక నీళ్ల ట్యాంకర్ ఇప్పించండి సార్."

"అది మన శాఖ కాదయ్యా."