ఇంగ్లీష్ రాని మనిషి

తెరచాప అంటుకుంది.

కింది నుంచి కొస దాకా... ఒక్క ఊపులో.

"రస్, ఇంకా దగ్గరికి పోనీ!"

తార అరుస్తోంది. చేతుల్లో హోస్ పైపు జారిపోతోంది. నీళ్లు మంట దాకా చేరడం లేదు.

వాళ్ల పోలీస్ బోట్ మాత్రం మండుతున్న పడవకి దూరంగానే ఆగిపోయింది.

"లోపల గ్యాస్ సిలిండర్ ఉంటుంది. పేలితే మనమూ పోతాం," అన్నాడు స్టీరింగ్ దగ్గర నుంచి రస్. "తగలబడనీ. బతికి ఉన్నవాళ్లెవరూ ఉండరు."

మిషిగన్‌లో లేక్ సెయింట్ క్లెయిర్. ఇటు ఒడ్డు అమెరికా, అటు ఒడ్డు కెనడా. పొద్దు అప్పుడే కుంగింది. చుట్టూ ఇంకో పడవ లేదు.

సరస్సు మీద గస్తీ తిరిగే షెరిఫ్ పోలీసుల మెరీన్ డివిజన్‌లో తారకిది రెండో సీజన్. అదే రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. సార్జెంట్ రస్ ఆమెకి గురువు. బోట్ నడపడం, తాడు విసరడం, తుపాకి పట్టుకోవడం... అన్నీ ఆయన దగ్గరే నేర్చుకుంది.

అలాంటి రస్ ఇవాళ భయపడుతున్నాడా?

ఆమెకి అర్థం కావడం లేదు.

సెర్చ్ లైట్ తిప్పింది. నల్లటి నీళ్లు... కాలిన గుడ్డ ముక్కలు... ఒక తెల్లటి దిండు.

దిండు పట్టుకుని ఒక మనిషి!

మునిగిపోతున్నవాడు వెలుగు చూస్తే చెయ్యి ఊపుతాడు. కేకలు పెడతాడు.

ఈ మనిషి తల దాచుకున్నాడు.

ఎందుకు?

ఆలోచించే లోపే బోట్ ఒక్క కుదుపుతో ముందుకు దూకింది. నేరుగా ఆ మనిషి మీదికే.

"రస్! రివర్స్!"

బారెడు దూరంలో ఆగింది.

"అల తోసేసింది," అన్నాడు రస్.

తార వినిపించుకోలేదు. అప్పటికే పక్కకి వంగి ఆ మనిషి చొక్కా పట్టుకుంది. లాగింది. ఇంకా లాగింది. ఇద్దరూ కలిసి డెక్ మీద పడ్డారు.

అరవై దాటిన మనిషి. ఇండియన్. దగ్గుతున్నాడు. వణుకుతున్నాడు. ముందు రస్ వైపు చూశాడు. తర్వాత తార ఛాతీ మీది నేమ్‌ప్లేట్ చదివాడు.

"సర్, మీ పేరేంటి? బోట్‌లో ఇంకెవరైనా ఉన్నారా?" ఇంగ్లీష్‌లో అడిగింది.

"నాకు ఇంగ్లీష్ రాదమ్మా," అన్నాడు తెలుగులో. "తెలుగే."

ఈ సరస్సు మధ్యలో ఆ భాష వింటానని తార అనుకోలేదు.

"నాకు తెలుగు కొంచెం వచ్చు అంకుల్. పేరు చెప్పండి."

"విశ్వనాథ్."

"బోట్‌లో ఇంకా ఎవరు ఉన్నారు?"

"నేనొక్కణ్ణే."

అబద్ధమా? నిజమా?

ఆయన జాకెట్ మీద సెయిలింగ్ క్లబ్ పేరు ఉంది. దాని కింద 'ఇన్‌స్ట్రక్టర్' అని కుట్టి ఉంది. మిషిగన్‌లో పడవ నడపడం నేర్పే మనిషికి ఇంగ్లీష్ రాదా?

బట్టలు డీజిల్ కంపు కొడుతున్నాయి.

ఇంకొకటి... సొంత పడవ కాలిపోతుంటే ఎవడైనా దాన్నే చూస్తాడు. ఈయన ఒక్కసారీ అటు తిరగలేదు. రస్ వీపునే చూస్తున్నాడు.

"ఏమంటున్నాడు?" రస్ అడిగాడు.

"ఒక్కడేనట."

"ఇన్సూరెన్స్ కోసం వీడే అంటించుకుని ఉంటాడు. ఒడ్డుకి చేరాక బేడీలు వెయ్యి."

వెనక ఫెళ్లుమని శబ్దం. తెరచాప స్తంభం విరిగి నీళ్లలో పడింది. రస్ బోట్ తిప్పి వేగం పెంచాడు. ఇంజిన్ హోరులో ఇక ఏ మాటా వినపడదు.

తార దుప్పటి తీసి ఆయన భుజాల మీద కప్పింది. తల వెనక ఆమె చేతికి వెచ్చగా తగిలింది.

నెత్తురు.

తల వెనక ఇంత దెబ్బ... తనకి తానే కొట్టుకుంటాడా?

ఆయన చెవి దగ్గరికి వంగింది. "అంకుల్, మీరు లై చెప్తున్నారు. మీకు ఇంగ్లీష్ వచ్చు."

"వచ్చు," అన్నాడాయన నెమ్మదిగా. "ముప్ఫై ఏళ్లు కార్ల కంపెనీలో ఇంజనీర్‌గా చేశా. ఇప్పుడు మాత్రం రాదు. నా మొహం చూడకమ్మా. దుప్పటి సర్దుతూ ఉండు."

"వై?"

"నా పడవ తగలబెట్టినవాడే మీ పడవ నడుపుతున్నాడు."

తార చెయ్యి ఆగిపోయింది.

"సర్దమ్మా... ఆపకు." "పోయిన వారం రెల్లు దుబ్బుల్లో లంగరేసుకుని ఉన్నా. ఈ మనిషి, ఈ పోలీస్ బోట్‌లోంచే, కెనడా వాళ్ల స్పీడ్‌బోట్‌లోకి తుపాకులు ఎక్కించాడు. నన్ను చూడలేదు. మీ ఆఫీస్‌కి ఫోన్ చేశా. ఇవాళ సాయంత్రం స్టేట్‌మెంట్ తీసుకుంటానని ఈయనే వచ్చాడు, వేరే చిన్న బోట్‌లో. కాఫీ కలుపుదామని వెనక్కి తిరిగానో లేదో..."

తల వెనక తడుముకున్నాడు.

"తెలివొచ్చేసరికి కింద అంతా డీజిల్. స్టవ్ మీద గుడ్డలు రాజుకుంటున్నాయి. దూకేశాను. నీ ఇంటిపేరు చదివాను తల్లీ. అదొక్కటే నా ధైర్యం."

రస్?

నాన్నకి గుండె ఆపరేషన్ అయినప్పుడు రాత్రంతా హాస్పిటల్‌లో తన పక్కన కూర్చున్న రస్?

ఈ ముసలాయన ఎంత తెలివైనవాడో! దొరికిపోయానని కట్టుకథ అల్లుతున్నాడేమో.

కానీ... రస్ ఇవాళ డ్యూటీకి లేటుగా వచ్చాడు.

బోట్ ఇందాక మీదికి దూకినప్పుడు అల ఏది? సరస్సు అద్దంలా ఉంది కదా.

తార తలెత్తి చూసింది. ఒడ్డు మీది దీపాలు ఎదురుగా ఉండాలి.

వెనక ఉన్నాయి.

ఎదురుగా చీకటి తప్ప ఏమీ లేదు.

లేచింది. మెల్లగా వెళ్లి ఆయన వెనక నిలబడింది.

"హార్బర్ అటు కదా?"

"అటు లోతు లేదు. చుట్టూ తిరిగి పోదాం."

కావచ్చు. అదీ నిజమే కావచ్చు. ఒక్కటంటే ఒక్కటి తేల్చుకోవాలి.

"ఈయనకి ఒక్క ముక్క ఇంగ్లీష్ రాదు రస్. ట్రాన్స్‌లేటర్‌ని పిలిపించాలి."

రస్ వెనక్కి తిరగలేదు. నవ్వాడు.

"నాటకం. నాతో ఇంగ్లీష్‌లో గడగడా మాట్లాడాడు."

ఇంజిన్ హోరు. గాలి. బోట్ ఎక్కాక ఆ మనిషి రస్‌తో ఒక్క మాటా మాట్లాడలేదు.

"ఎప్పుడు?"

రస్ చెయ్యి ఇంజిన్ తాళంచెవి మీదికి పోయింది.

ఇంజిన్ ఆగిపోయింది.

ఎంత నిశ్శబ్దమంటే, డెక్ మీద ముసలాయన పళ్లు కొట్టుకునే చప్పుడు వినిపిస్తోంది.

"ఇవాళ సెలవు పెట్టమన్నాను నిన్ను," అన్నాడు రస్. గొంతులో కోపం లేదు. తారని భయపెట్టింది అదే. "వినలేదు."

"రస్... ప్లీజ్."

"ముసలోడు నీ తుపాకి లాక్కుని నిన్ను కాల్చాడు. నేను వాణ్ణి కాల్చాను. అంతే జరిగింది, తారా."

రస్ తిరిగాడు. చెయ్యి నడుము దగ్గర ఉంది. తుపాకి పైకి లేస్తోంది...

పేలింది.

రస్ కళ్లు పెద్దవయ్యాయి. భుజం వైపు చూసుకున్నాడు. చేతిలోంచి తుపాకి జారి డెక్ మీద పడింది. స్టీరింగ్‌కి ఆనుకుని మెల్లగా కూలబడ్డాడు.

'ఎప్పుడు?' అన్న ఆ ఒక్క మాట అడగడానికి ముందే తార తన తుపాకి తీసి, తొడ వెనక దాచి పట్టుకుంది.

డెక్ మీది తుపాకిని కాలితో దూరంగా తన్నింది. భుజం మీది రేడియో నొక్కింది.

"ఆఫీసర్ డౌన్. సార్జెంట్ రస్‌కి తూటా తగిలింది. అంబులెన్స్ కావాలి. హార్బర్‌కి తీసుకొస్తున్నాను."

"ఎవరు కాల్చారు?" అడిగింది అటువైపు గొంతు.

రస్ ఆమెనే చూస్తున్నాడు.

"నేనే."