ఆకాశంకేసి చూసినవాడు

చేపల పెట్టెలో ఐస్ ముక్కల మధ్య నుంచి ఎర్రటి నెయిల్ పాలిష్ వేసిన చెయ్యి ఒకటి పైకి తేలి ఉంది.

రోజలిన్ మూత వేసేసి, దాని మీద తన తట్ట పెట్టి, అలసిపోయినదానిలా పక్కనే కూలబడింది. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఎవరూ ఆమెకేసి చూడలేదు. వారం రోజులుగా ఆమె ఇక్కడ చేపలమ్మే మనిషి. పైకి దోపిన చీర, బుగ్గన కిళ్ళీ, చెవికి ముత్యపు కమ్మ. ఆ కమ్మని సర్దుకుంటున్నట్టు వేలితో నొక్కింది.

"దేవిశ్రీ దొరికింది సర్."

"ప్రాణంతోనా?"

"ఐస్‌లో."

కమ్మలోంచి ఇంటెలిజెన్స్ చీఫ్ గురునాథరావు నిట్టూర్చాడు.

దేవిశ్రీ ఫైటర్ జెట్ల ముందు నల్ల కళ్ళద్దాలతో నిలబడి వీడియోలు చేసే అమ్మాయి. దేశంలో ఎయిర్ షో ఎక్కడ జరిగినా అక్కడ వాలిపోయేది. విమానాల పత్రిక ఎడిటర్‌నని చెప్పుకుంటూ వచ్చిన లారెన్స్ అనే విదేశీయుడు ఆమెని తన ముఠాలో చేర్చుకున్నాననుకున్నాడు. ఆమె అతనికి ఫోటోలు పంపేది, అతని కబుర్లు గురునాథరావుకి పంపేది. నిన్న పంపిన ఆఖరి వాయిస్ మెసేజ్ రోజలిన్‌కి కంఠతా వచ్చు. "బాంబు లేదు. తుపాకీ లేదు. షోలో హాక్ జెట్లు కూలిపోతాయి, చూసేవాళ్ళకి ప్రమాదంలాగే ఉంటుంది. నేను వారం కిందట చెప్పినట్టే, ఆ పని చేసే మనిషి హార్బర్‌లోనే ఉంటాడు. అతనెవరో రేపు చెప్తాను."

ఆ రేపు ఇప్పుడు ఐస్ పెట్టెలో పడుకుని ఉంది.

"ఇవాళ్టి ఎయిర్ షో ఆపించండి సర్."

"ఏమని ఆపించను? బీచ్ నిండా జనం. ఢిల్లీ నుంచి పెద్దలు. మన చేతిలో ఉన్నదల్లా చచ్చిపోయిన పిల్ల మాటలు నాలుగు."

"హాక్‌ల లీడర్ నా తమ్ముడు."

"అందుకే నీ మాట అసలు నమ్మరు. మనిషిని పట్టుకో రోజలిన్. అప్పుడు ఆపిస్తాను."

జాన్‌బాబు. మల్కాపురంలో రిఫైనరీ గోడ పక్క ఇంట్లో, అట్టముక్కలతో విమానాలు కత్తిరించుకుంటూ పెరిగినవాడు. ఇవాళ మరో మూడు హాక్‌లని వెంటేసుకుని డాల్ఫిన్ నోస్ కొండ మీదుగా వచ్చి, హార్బర్ ముఖద్వారం పైన కిందికి దిగి, బీచ్ ముందు నుంచి దూసుకుపోతాడు. హాక్‌కి ఉన్నది ఒకే ఇంజన్.

ఖాళీ తట్టతో చిలకమ్మ వచ్చి పక్కన చతికిలబడింది. హార్బర్‌లో రోజలిన్‌కి బేరాలాడటం నేర్పింది ఈవిడే.

"ఏటే పిల్లా, అలా కూకుండిపోనావు? నీకూ ఏటీ దొరకలేదా?"

"లేదప్పా."

"ఏటి దొరుకుతాది? విమానాలాట అని పొద్దున్నే సేపల ఏలం పాట ముగించీసినారు. ఒక్క తలకాయి, ఒక్క పేగు కింద ఉండకూడదంట. గద్దలొత్తాయంట. బండ్లెట్టి మరీ ఊడిపించీసినారు. పోనీ ఆ కుళ్ళు సేపలైనా నా ఎండుసేపల్లో కలుపుకుందునా, ఎవుడో ముసిలోడు పడవకి పడవ కొనీసినాడు."

"కుళ్ళు చేపలా? ఎందుకు?"

"నానూ అదే అడిగినాను. కోళ్ళ మేతకి అన్నాడు. కోళ్ళ మేతోడు లారీ తెత్తాడు గానీ బోటులో ఎత్తుకుంటాడేటే?"

రోజలిన్ నోట్లో కిళ్ళీ చేదెక్కింది. కుళ్ళిన చేపలు. హార్బర్ ముఖద్వారం. వందల గద్దలు, ఇంజన్‌లోకి ఒక్కటి పోయినా చాలు. ఒకే ఇంజన్.

కమ్మ నొక్కింది. "సర్, గద్దలు. హాక్‌లని ఆపండి, పక్షులతో కొట్టిస్తున్నారు."

గరగరమన్న చప్పుడు తప్ప జవాబు లేదు. మళ్ళీ నొక్కింది. పెద్దల భద్రత కోసం బీచ్ పొడవునా జామర్లు వేసేశారు. శత్రువు డ్రోన్లని అడ్డుకోవడానికి మనవాళ్ళే పెట్టిన జామర్లు. ఫోన్ తీసింది, సిగ్నల్ సున్నా. హార్బర్ గేటు దగ్గర పోలీసు అవుట్‌పోస్టుకి తాళం వేసి ఉంది. ఉన్న సిబ్బందినంతా బీచ్ బందోబస్తుకి తీసుకుపోయారు.

ఆమె జెట్టీ వైపు పరిగెత్తింది.

షో అయ్యేదాకా కదలొద్దని ఆర్డరు. అందుకని బోట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని కట్టేసి ఉన్నాయి. అన్నిటి మీదా టార్పాలిన్లు, అన్నిటి మీదా లుంగీలు కట్టుకుని వలలు బాగుచేసుకుంటున్న మనుషులు, అన్నిటి నుంచీ చేపల కంపు. వీటిలో ఏది? ఒక్కొక్కటీ ఎక్కి వెతకాలంటే పొద్దు వాలిపోతుంది. బీచ్ వైపు నుంచి లౌడ్ స్పీకర్ డోర్నియర్ విమానానికి స్వాగతం పలుకుతోంది. దాని తర్వాత హాక్‌లే.

డోర్నియర్ గుర్రుమంటూ బోట్ల మీదుగా వెళ్ళింది.

ఎవరూ తలెత్తలేదు. పుట్టినప్పటి నుంచీ నెత్తి మీద విమానాలు తిరుగుతూనే ఉన్న జనం. వలలో సూది ఆగలేదు, బీడీ ఆగలేదు, పేకాట ఆగలేదు.

చివరి బోటు మీద మాత్రం ఒక మనిషి లేచి నిలబడ్డాడు. తలకి తువ్వాలు, ఒంటి మీద మాసిన బనీను. ఎడమ అరచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని, డోర్నియర్ వెళ్ళినంత మేరా మెడ తిప్పుతూ, అది చుక్కయ్యేదాకా చూశాడు.

వేషం బాగానే వేశాడు. మెడని మాత్రం ఆపుకోలేకపోయాడు.

బోటు మీంచి బోటు మీదికి దూకుతూ పోయిన రోజలిన్ ఆఖరి అంచు మీద కాలు జారి, పట్టుకుని ఎక్కి, రివాల్వర్ తీసి, ఆగిపోయింది.

"మాస్టారూ."

ఎల్లారావు మాస్టారు. మల్కాపురం పిల్లలని ఆదివారం ఆదివారం కొండెక్కించి, తోక చూసి విమానం పేరు చెప్పడం నేర్పిన సైన్సు మాస్టారు. జాన్‌బాబు ఫీజు కట్టి పైలట్ పరీక్షకి పంపినవాడు.

"రోజీ," అన్నాడాయన, ఆశ్చర్యపోకుండా. "సేపలమ్ముతన్నావా? నీకు కిళ్ళీ నప్పలేదమ్మా."

టార్పాలిన్ అప్పటికే తీసేసి ఉంది. ఇద్దరు కూలీలు ఆఖరి గంపలు నీళ్ళలోకి కుమ్మరిస్తున్నారు. రివాల్వర్ చూసి గంపలొదిలేసి పక్క బోటులోకి దూకేశారు. సముద్రంలోకి లాగే నీళ్ళతో పాటు ముఖద్వారం వరకూ తెల్లటి కుళ్ళు పరుచుకుంది. దాని పైన అప్పుడే ముసురుకున్న గద్దలు. పదులు కావు, వందలు. కిందికి దిగుతూ, పైకి లేస్తూ, గోపురంలా.

"ఆపండి మాస్టారూ."

"ఏటాపమంటావు? గద్దలకి నాను సెప్తే ఇంటాయా?"

కొండ వెనక నుంచి సన్నటి ఈల మొదలైంది. మాస్టారి ముఖం దానికదే అటు తిరిగింది.

బోట్లన్నిటిలో ఆపదలో పైకి కాల్చే ఎర్ర నిప్పుగొట్టాల పెట్టె, ఫ్లేర్ల పెట్టె, ఉంటుంది. ఎర్ర ఫ్లేర్ కనబడితే ఏ పైలటైనా పక్కకి తప్పుకుంటాడు. ఈ బోటులో ఆ నారింజ రంగు పెట్టె మీదే మాస్టారు నిలబడి ఉన్నాడు. రోజలిన్ ఆయన్ని భుజంతో గుద్ది డెక్ మీద పడగొట్టింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. డెబ్బై దాటిన మనిషి పట్టు అలా ఉంటుందనుకోలేదు. ఛాతీ మీద మోకాలేసి అదిమి, ఒక చేత్తో ఫ్లేర్ లాగి, మూత పళ్ళతో పీకి, తాడు పళ్ళతోనే లాగింది.

ఎర్రటి నిప్పు ఆకాశంలోకి దూసుకుపోయింది.

తల ఎత్తి చూసే వీల్లేకపోయింది. మాస్టారి రెండు చేతులూ రివాల్వర్ మీద ఉన్నాయి. చెవులు పగిలే మోత నెత్తి మీదికి వచ్చింది. గద్దల కేకలు. మోత ఒక్కసారిగా మారింది, ఏదో చిరిగినట్టు. రోజలిన్ కళ్ళు మూసుకుంది. పేలుడు కోసం ఎదురుచూసింది.

బీచ్ వైపు నుంచి హోరు లేచింది. ఆర్తనాదాలా? కాదు. ఈలలు, చప్పట్లు. లౌడ్ స్పీకర్‌లో అనౌన్సర్ గొంతు చించుకుంటోంది. హాక్‌లు నాలుగూ చివరి క్షణంలో విడిపోయి సముద్రం మీదికి ఎగిసిపోయే ఈ విన్యాసం విశాఖలో ఇదే మొదటిసారి అని చెబుతోంది.

కాసేపటికి జామర్లు ఆపేశారు. కమ్మకి ప్రాణం వచ్చింది.

"లారెన్స్ పొద్దున్నే ఫ్లైటెక్కేశాడు," అన్నాడు గురునాథరావు. "అతని మనుషులూ లేరు. దేవిశ్రీ కేసు నీళ్ళలో పడిన ప్రమాదమని రాయమంటున్నారు. ఈ షో గురించి ఎక్కడా ఏమీ రాయొద్దంటున్నారు. మనకి మిగిలింది నీ మాస్టారే."

మాస్టారు సంకెళ్ళతో వలల కుప్ప మీద కూర్చుని ఉన్నాడు. రోజలిన్ ఎదురుగా కూర్చుంది. తమ్ముడికి ఏమని చెప్పాలో ఆమెకి తోచలేదు. వాడు సెలవుకి వస్తే ముందు వెళ్ళేది ఈయన ఇంటికే.

"ఎందుకు మాస్టారూ?"

ఆయన ఇంకా ఆకాశంకేసే చూస్తున్నాడు.

"నానే సేసినానమ్మా. దేవిశ్రీని సంపింది లారెన్స్ మనుసులే గానీ, ఐస్ ప్లాంటు కాడికి పిలిసింది నాను. అదీ నా కాడ విమానాలు నేర్సుకున్న పిల్లే, మాస్టారు పిలిత్తే రాదేటి? వచ్చింది. పైసా ముట్టలేదు నాను. లారెన్స్ ఆళ్ళ దేశం తీసుకెల్లి, ఎయిర్ షోలో రన్‌వే పక్కన కుర్సీ ఏసినాడు. ఫైటర్ కాక్‌పిట్‌లో కూకోబెట్టి, పైన అద్దం మూసినాడు. బతుకంతా కొండ మీంచి సూసినోడినమ్మా నాను. ఆ అద్దం మూసినాక ఆడేటడిగినా ఇచ్చీసినాను. ముందు ఫోటోలు. తర్వాత ఏ జెట్టు ఎప్పుడెగురుద్దో. తర్వాత ఇది. లీడరు మన జాన్‌బాబేనని తెలుసు. తెలిసే గంపలు పోయించినాను." మాస్టారు సంకెళ్ళ చేతులెత్తి ఆకాశంకేసి చూపించాడు. "గానీ రోజీ, ఆ ఎర్ర నిప్పు సూడగానే ఆడు తిప్పిన తిప్పు ఉన్నాది సూడు, నా బతుకులో అలాటిది సూడలేదు. నీ మోకాలు కింద ఎల్లకిలా పడుండి మొత్తం సూసినాను. పాపం, నీకే కుదర్లేదు."